సొంతంగా కామిక్ పుస్తకం వేస్తున్నారా? ఫోనా, పుస్తకమా, ఎన్ని కాపీలా అన్నది ముందు తేల్చుకోండి

సొంత కామిక్ వేద్దామనుకునేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని. ఆ తర్వాత ఎక్కడ ప్రింట్ చేయించాలని. ఈ రెండింటికీ జవాబు చెప్పాలంటే ఇంకో సంగతి తెలియాలి: పాఠకుడు దాన్ని దేంట్లో చదువుతాడు? ఫోన్‌లోనా, చేత్తో పట్టుకునే పుస్తకంలోనా? పేజీ కొలత, అక్షరం సైజు, రంగులు, ప్రింటింగ్ పద్ధతి, అమ్మే చోటు అన్నీ దీన్ని బట్టే మారతాయి. ఇది తేలకుండా ఇరవై పేజీలు గీసేసి, అప్పుడు మనసు మార్చుకుంటే మళ్లీ గీసుకోవడమే.

ఫోన్‌లో చదివేదా, పేజీ తిప్పేదా

ముందు ఒక లెక్క చూడండి. అమెరికన్ కామిక్ సంచిక కొలత సుమారు 168 × 260 మిల్లీమీటర్లు. అందులో మాటలను 8 పాయింట్లలో వేశారనుకుందాం. ఆ పేజీ మొత్తాన్ని 65 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫోన్ తెరలో చూపిస్తే బొమ్మ రెండున్నర రెట్లకు పైగా కుంచించుకుపోతుంది. 8 పాయింట్ల అక్షరం 3 పాయింట్లకు దిగుతుంది. తెలుగులో అయితే ఒత్తూ, పై గుడీ, పక్క కొమ్మూ కలిసిపోయి నల్లటి మచ్చలా కనబడతాయి. పాఠకుడు రెండు వేళ్లతో పెద్దది చేసుకుని కాసేపు చదువుతాడు, విసుగొచ్చాక మూసేస్తాడు. బొమ్మ ఎంత బాగున్నా ఫలితం అంతే.

ఫోన్ పాఠకులే కావాలనుకుంటే నిలువు స్క్రోల్ పద్ధతి నయం. ఇలాంటి కామిక్‌లు పెట్టే సైట్లలో వెబ్‌టూన్ కాన్వాస్‌కు బొమ్మ వెడల్పు 800 పిక్సెళ్లు, టాపాస్‌కు 940. తెరకు ఒకటి రెండు ప్యానెళ్లు (బొమ్మల గడులు), వాటి మధ్య బోలెడు ఖాళీ. ఆ ఖాళీయే కథలో కాలం నడిచే తీరు: చిన్న ఖాళీ వదిలితే వెంటనే జరిగినట్టు, పొడుగ్గా వదిలితే ఆలస్యమైనట్టు అనిపిస్తుంది. ప్రింటింగ్ ఖర్చు లేదు, మోతబరువు లేదు. కాకపోతే పాఠకులు క్రమం తప్పని అప్‌డేట్ ఆశిస్తారు. మొదలుపెట్టే ముందు కనీసం ఐదారు భాగాలు పూర్తిచేసి చేతిలో ఉంచుకోకపోతే రెండో నెలలోనే ఆగిపోతారు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. "ముందు వెబ్‌లో పెడదాం, పుస్తకం సంగతి తర్వాత చూద్దాం" అని సరిగ్గా 800 పిక్సెళ్ల వెడల్పులోనే గీసేస్తారు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 800 పిక్సెళ్లంటే అచ్చులో 68 మిల్లీమీటర్లు. అంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. దాన్ని పుస్తకం పేజీ అంత సాగదీస్తే గీతలన్నీ మెట్లు మెట్లుగా కనబడతాయి. కాబట్టి ఎప్పటికైనా అచ్చు వేసే ఉద్దేశం ఉంటే అసలు ఫైలు 2400 పిక్సెళ్లకు తగ్గకుండా గీయండి, వెబ్‌కు పంపేటప్పుడు చిన్నది చేయండి. ప్యానెల్ గీత దాటి బొమ్మను నాలుగు పక్కలా కొంచెం ఎక్కువే గీసి ఉంచండి. బెలూన్లు (మాటల బుడగలు), అక్షరాలు వేరే లేయర్లలో, అంటే ఫైలులో విడివిడి పొరల్లో పెట్టండి. అప్పుడు 50 ప్యానెళ్ల స్క్రోల్ భాగాన్ని పదిపన్నెండు పుస్తకం పేజీలుగా సర్దుకోవచ్చు. సర్దుబాటుకూ రోజులు పడతాయి, కానీ మళ్లీ గీయక్కర్లేదు.

రెండూ కావాలనేవాళ్లకు మధ్యేమార్గం ఏ5, అంటే 148 × 210 మిల్లీమీటర్లు. పేజీకి మూడు నాలుగు ప్యానెళ్లకు మించకుండా, అక్షరం 10 పాయింట్లలో వేస్తే ఫోన్‌లో అది 4.4 పాయింట్లుగా కనబడుతుంది. హాయిగా చదివే సైజు కాదు గానీ చదవగలిగే సైజే. మొదటి పుస్తకానికి మా ఓటు దీనికే. ఏ4 కాగితం సగానికి మడిస్తే వచ్చే కొలత కనుక చిన్న డిజిటల్ ప్రెస్‌లోనైనా వృథా లేకుండా అచ్చవుతుంది.

పుస్తకానికే గీస్తే పేజీ తిప్పడం అనే ఆయుధం మీ చేతిలో ఉంటుంది. బేసి సంఖ్య పేజీ ఎప్పుడూ కుడివైపు, సరిసంఖ్య పేజీ ఎడమవైపు. పాఠకుడు ఉలిక్కిపడాల్సిన బొమ్మ సరిసంఖ్య పేజీలో ఉండాలి. కుడి పేజీలో పెడితే ఎడమ పేజీ చదువుతుండగానే కంట పడిపోతుంది. రెండు పేజీల మీద పరచిన పెద్ద బొమ్మ కూడా సరిసంఖ్య పేజీతోనే మొదలవ్వాలి. అంతా అయ్యాక చివరి నిమిషంలో "ముందు ఒక కృతజ్ఞతల పేజీ పెడదాం" అన్నారంటే మొత్తం ఒక పేజీ జరిగిపోతుంది, పరచిన బొమ్మ రెండు ముక్కలై ఒకటి కాగితం ముందు, ఇంకోటి దాని వెనక అచ్చవుతుంది. ఒకటో పేజీ నుంచి చివరి అట్ట దాకా ఏది ఎక్కడో చిన్న కాగితాలు మడిచి నమూనా పుస్తకం ఒకటి చేసి పెట్టుకోండి.

నిడివి: గంటల లెక్క

స్క్రిప్టు, చిన్న బొమ్మల్లో లేఅవుట్, పెన్సిల్, ఇంకు, రంగు, లెటరింగ్ (బెలూన్లలో మాటలు కూర్చడం) అన్నీ కలిపి ఒక రంగుల పేజీకి 12 గంటలు వేసుకోండి. కొందరికి 8, కొందరికి 20. వారానికి 10 గంటలు కేటాయించగలిగితే 24 పేజీల సంచికకు 288 గంటలు, అంటే దాదాపు ఏడు నెలలు. 120 పేజీల గ్రాఫిక్ నవలకు 1,440 గంటలు, రెండున్నరేళ్లు దాటిపోతుంది. ఈ లెక్క చూశాక కూడా మొదటి ప్రయత్నమే గ్రాఫిక్ నవలతో మొదలుపెడతామంటే ఆపం గానీ, ఆ పుస్తకం మొదటి ముప్పై పేజీల్లో మీ గీత ఒకలాగా, చివరి ముప్పైలో ఇంకోలాగా ఉంటుంది. మొదటివి మళ్లీ గీయాలనిపిస్తుంది. సగంలో ఆగిపోయిన పుస్తకాల్లో ఇది చాలా మామూలు కారణం.

8 పేజీల మినీ కామిక్ చాలామంది తక్కువగా చూస్తారు. ఏ3 కాగితం ఒకవైపే అచ్చేసి, మూడు మడతలు పెట్టి మధ్యలో ఒక్క గాటు కోస్తే ఏ6 సైజులో 8 పేజీల పుస్తకం తయారవుతుంది. పిన్ను కూడా అక్కర్లేదు. దీనికి వారం పది రోజుల సాయంత్రాలు చాలు. కథ ముగించడం, బెలూన్ పెట్టడం, కటింగ్‌లో ఎంత పోతుందో చూడటం అన్నీ తక్కువ ఖర్చులో నేర్పేది ఇదే. ఆ తర్వాత 24 పేజీల సంచికకు వెళ్లండి. నలుపు తెలుపులో వేస్తే రంగుల పనంతా మిగులుతుంది, అచ్చు ఖర్చూ బాగా తగ్గుతుంది. అయితే రంగు తీసేస్తే చాలదు. వెలుగునీడలు నలుపు మచ్చలతోనే నిలబడేలా గీయాలి.

అచ్చు: ఎన్ని కాపీలన్నదే తేలుస్తుంది

యాభై నుంచి రెండు మూడు వందల కాపీల దాకా డిజిటల్ ప్రింటింగ్. అయిదారు వందలు దాటితే ఆఫ్‌సెట్. ఒక్కో కాపీ ఆర్డరు వచ్చినప్పుడే కావాలంటే ప్రింట్ ఆన్ డిమాండ్. హద్దు గీత ఎక్కడన్నది ప్రెస్‌ను బట్టి మారుతుంది కనుక ఒకే స్పెసిఫికేషన్ మీద 100, 300, 500, 1000 కాపీలకు కొటేషన్ అడగండి. కాపీ రేటు ఏ అంకె దగ్గర ఒక్కసారిగా పడిపోతుందో అక్కడే వాళ్లు డిజిటల్ నుంచి ఆఫ్‌సెట్‌కు మారుతున్నారన్నమాట.

ఆఫ్‌సెట్‌లో ఖర్చంతా మొదట్లోనే. రంగుల పనికి ఫారం (చాలా పేజీలు కలిపి అచ్చేసే పెద్ద కాగితం) ఒక్కో వైపుకూ నాలుగు ప్లేట్లు చేయాలి, మిషన్ సెట్ చేయాలి, సరైన రంగు పట్టే దాకా కొంత కాగితం పాడవ్వాలి. వంద కాపీలు వేసినా వెయ్యి వేసినా ఆ ఖర్చు మారదు. అందుకే వెయ్యి కాపీల్లో ఒక్కోటీ చవగ్గా కనబడుతుంది. ఆ చవక చూసి మోసపోకండి. 168 × 260 కొలతలో, లోపల 115 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితంతో, 250 జీఎస్ఎం అట్టతో 24 పేజీల సంచిక ఒక్కోటి 82 గ్రాములు తూగుతుంది. వెయ్యి కాపీలంటే 82 కిలోలు. అమ్ముడుపోని ఏడు వందల కాపీలు మంచం కింద చేరితే కాపీ రేటులో మిగిలిందంతా అక్కడే పోయినట్టు. ముందస్తు ఆర్డర్లు ఎన్నొచ్చాయో లెక్కపెట్టి, దానికి సగం కలిపి వేయించడం మేలు.

డిజిటల్ ప్రెస్‌ది లేజర్ ప్రింటర్‌లా టోనర్ పొడితో పని. ఫైలు ఇచ్చిన వారంలోపే పుస్తకం చేతికొస్తుంది, తప్పు దొరికితే తర్వాతి యాభై కాపీల్లో సరిదిద్దుకోవచ్చు. దాని లోపాలు రెండు. ముదురు రంగు నిండా పరిచిన చోట సన్నటి పట్టీలు కనబడతాయి. ఆకాశం, చీకటి గది లాంటి చోట్ల బాగా తెలుస్తుంది. రెండోది, మడత దగ్గర టోనర్ పగిలి తెల్లటి గీత పడుతుంది. నల్లటి అట్ట పెట్టుకుంటే మొదటి రోజే కనిపించేది అదే. అట్టకు లామినేషన్ చేయించి, మడతకు ముందు క్రీజింగ్ (మడత గీత నొక్కడం) చేయమని చెబితే చాలావరకు తప్పుతుంది.

ప్రింట్ ఆన్ డిమాండ్‌లో స్టాకు బాధ లేదు, కానీ కాపీ ఖర్చు ఎక్కువ, కాగితం ఎంపిక తక్కువ. అమెజాన్‌లో సొంతంగా పుస్తకం వేసుకునే వేదిక కేడీపీలో పేపర్‌బ్యాక్‌కు కనీసం 24 పేజీలు ఉండాలి, బైండింగ్ జిగురుతోనే. సెంటర్ పిన్నింగ్ (మడత మీద పిన్ను కొట్టడం) దొరకదు. 24 పేజీల పుస్తకాన్ని జిగురుతో అంటిస్తే పూర్తిగా తెరుచుకోదు, లోపలి అంచు దగ్గర బొమ్మ మడతలోకి వెళ్లి కనబడకుండా పోతుంది. పలుచని సంచికకు ఇది నప్పదు. నాలుగైదు సంచికలు కలిపి వంద పేజీలు దాటిన సంకలనానికి మాత్రం బాగా పనికొస్తుంది.

రిసోగ్రాఫ్ (జిరాక్స్ మిషన్‌లా కనిపించే, ఇంకుతో అచ్చేసే డూప్లికేటర్) అందుబాటులో ఉంటే దాన్నీ పరిశీలించండి. ఒక్కో రంగు ఇంకు వేర్వేరు డ్రమ్ముతో అచ్చవుతుంది, ఫ్లోరసెంట్ గులాబీ లాంటివి మామూలు నాలుగు రంగుల అచ్చులో రానివి ఇందులో వస్తాయి. రంగులు మిల్లీమీటరో రెండో పక్కకు జరగడం ఈ మిషన్ స్వభావం. సన్నటి గీత పక్కన కచ్చితంగా అతుక్కోవాల్సిన రంగులు పెట్టుకుంటే ఏడుపే. గ్లాసీ ఆర్ట్ పేపర్ మీద ఇంకు ఆరదు, మ్యాప్‌లిథో లాంటి పూత లేని కాగితమే వాడాలి. అయినా వేలికి కాస్త అంటుతూనే ఉంటుంది.

బైండింగ్ విషయం త్వరగా చెప్పేస్తాం. సెంటర్ పిన్నింగ్ అయితే పేజీలు 4తో భాగింపబడాలి: 20, 24, 28, 32. కథ 25 పేజీలొస్తే ఒకటి తీసేయండి, లేదా మూడు కలపండి. 48 పేజీలంటే 12 కాగితాలు ఒకదానిలో ఒకటి దూరతాయి. అన్నిటికన్నా లోపలిది మిల్లీమీటరుకు పైనే బయటికి తోసుకొచ్చి, కటింగ్‌లో ఆ మేరకు తెగిపోతుంది. పేజీ అంచున పెట్టిన పేజీ నంబర్లు మధ్య పేజీల్లో సగం ఎగిరిపోవడానికి కారణం ఇదే. అంతకు మించిన నిడివికి పర్ఫెక్ట్ బైండింగ్‌కు (జిగురుతో అంటించేది) వెళ్లండి, లోపలి అంచులో 12 నుంచి 15 మిల్లీమీటర్లు ముఖ్యమైనదేదీ పెట్టకుండా వదలండి.

ప్రెస్‌కు పంపే ఫైలు: ఎక్కడ చెడుతుంది

కటింగ్ అంచుకు బయట 3 మిల్లీమీటర్లు బ్లీడ్ (కోతలో పోవడానికి అదనంగా గీసే బొమ్మ) ఉండాలి, లోపల 5 నుంచి 6 మిల్లీమీటర్ల దాకా బెలూన్లు రాకూడదు. రంగుల బొమ్మకు 300 డీపీఐ చాలు. నలుపు తెలుపు గీతకు 600 ఉండాలి. ఏ5 పేజీ వెడల్పు 600 దగ్గర 3,496 పిక్సెళ్లు అవుతుంది, బ్లీడ్ వేరు.

కొత్తవాళ్ల పుస్తకాల్లో మొదట కనిపించే లోపం నల్లగీతల్లో ఉంటుంది. ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతి) గీసిన నలుపును సీఎంవైకేకు (అచ్చులో వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులు) మార్చగానే అది నాలుగు ఇంకుల మిశ్రమం అయిపోతుంది. నాలుగు ప్లేట్లలో ఏదైనా వెంట్రుకవాసి జరిగితే ప్రతి అక్షరం పక్కన ఎర్రటి, నీలం నీడ పడుతుంది. గీతలూ అక్షరాలూ కే (నలుపు ఇంకు) 100 శాతం ఒక్కటే ఉండాలి, కింది రంగును కోయకుండా దాని మీదే అచ్చవ్వాలి (ఓవర్‌ప్రింట్). పెద్ద నల్లటి ప్రదేశానికి మాత్రం సి 60, ఎం 40, వై 40, కే 100 లాంటి ముదురు నలుపు వాడితే నిండుగా వస్తుంది. నాలుగింటి మొత్తం ఆర్ట్ పేపర్ మీద 300 శాతం దాటనివ్వకండి, లేకపోతే ఇంకు ఆరక వెనక పేజీకి అంటుకుంటుంది. పూత లేని కాగితం ఇంకు పీల్చుకుంటుంది కనుక దాని మీద ఇంకా తక్కువ, ప్రెస్‌ వాళ్లనే అడగండి.

తెరమీద మెరిసే నీలం, ఊదా, చిలకపచ్చ అచ్చులో మందగిస్తాయి. నీలం ఊదాగా మారుతోందంటే మెజెంటా ఎక్కువైందని అర్థం. సయాన్ కంటే మెజెంటా కనీసం 30 శాతం తక్కువ ఉంచండి. స్క్రీన్‌టోన్ (నీడ కోసం వేసే చుక్కల నమూనా) వేసిన పేజీని ఆ తర్వాత చిన్నదీ పెద్దదీ చేశారా, గళ్లు గళ్లుగా కొత్త నమూనా పుడుతుంది. చివరి సైజు తేలాకే టోన్ వేయాలి.

పీడీఎఫ్‌లో పేజీలు ఒక్కొక్కటిగానే ఇవ్వండి. రెండేసి పేజీలు జతచేసి ఇస్తే ఫారంలో పేర్చడం ప్రెస్‌ వాళ్లకు తలనొప్పి, పొరపాటుకు అవకాశం. పూర్తి కాపీలకు సరే అనే ముందు అదే కాగితం మీద, మడిచి పిన్ను కొట్టిన ఒక ప్రూఫ్ కాపీ డబ్బిచ్చయినా తీసుకోండి. తెరమీది ప్రూఫ్‌లో బొమ్మ మడతలోకి పోవడం, కటింగ్, మడత పగులు ఒక్కటీ కనబడవు.

గీయడానికి ఏది, అక్షరాలకు ఏది

గీతకు క్లిప్ స్టూడియో పెయింట్ కామిక్ పని కోసమే చేసినట్టుంటుంది: ప్యానెల్ కోత, దృక్కోణం రూలర్లు, టోన్లు అన్నీ ఉన్నాయి. ప్రో, ఈఎక్స్ అని రెండు రకాలు. పది పదిహేను పేజీలు ఒకే ఫైలుగా పెట్టుకుని పేజీల వరస చూసుకునే సౌకర్యం ఈఎక్స్‌లోనే ఉంది. 8 పేజీల పనికి ప్రో చాలు, 24 దాటితే ఈఎక్స్‌కు పెట్టే డబ్బు దండగ కాదు. క్రిటా ఉచితం, కుంచెలు అద్భుతం. లెటరింగ్ మాత్రం అందులో చేయకండి. ప్రోక్రియేట్ ఐప్యాడ్ మీద చేతికి హాయి, కాన్వాస్ పెద్దదయ్యేకొద్దీ లేయర్ల సంఖ్య పడిపోతుంది. 600 డీపీఐలో రంగుల పేజీ మొదలుపెట్టే ముందు ఎన్ని లేయర్లు దక్కుతాయో చూసుకోండి. కాగితం మీద గీసి స్కాన్ చేయడం పాత పద్ధతే అయినా బాగా నడుస్తుంది. గీతను 600 డీపీఐలో స్కాన్ చేసి లెవెల్స్‌తో కాగితం బూడిద రంగును తెల్లగా తోసేస్తే చాలు.

తెలుగు కామిక్‌కు అసలు పరీక్ష లెటరింగ్. ఎంచుకున్న సాఫ్ట్‌వేర్‌లో "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" టైప్ చేసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటే ఆ సాఫ్ట్‌వేర్ ఆ పనికి పనికిరాదు, లేదా సెట్టింగ్ మార్చాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, ఫొటోషాప్ పాత వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టాలి. ఉచితంగా కావాలంటే ఇంక్‌స్కేప్, స్క్రైబస్ 1.6 తెలుగును సరిగ్గా కూరుస్తాయి. స్క్రైబస్ సీఎంవైకే పీడీఎఫ్ కూడా ఇస్తుంది. పాత డీటీపీ అలవాటున్నవాళ్లు అను ఫాంట్లలో కంపోజ్ చేస్తారు, అచ్చు వరకు ఇబ్బంది లేదు. అలా కూర్చిన మాటలు అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌లో ఉండవు కనుక రేపు డిజిటల్ ఎడిషన్‌కు గానీ వేరే ఫాంట్‌కు గానీ మార్చాలంటే కన్వర్టర్ చుట్టూ తిరిగి, అక్షరదోషాలు మళ్లీ దిద్దుకోవాలి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి లాంటివి స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. రామభద్ర లావుపాటిది, శీర్షికలకూ అరుపులకూ బాగుంటుంది. సంభాషణ మొత్తం అందులో పెడితే ప్రతివాడూ అరుస్తున్నట్టే ఉంటుంది.

ఇంగ్లిష్ కామిక్ పుస్తకాల్లోని సలహాలు తెలుగు బెలూన్‌కు అలాగే పట్టుకురాకండి. అక్కడ పెద్దక్షరాలే వాడతారు కనుక వరసలు దగ్గర దగ్గరగా పేర్చొచ్చు. మనకు పైన గుడి, కింద ఒత్తు. అక్షరం సైజుకు 140 నుంచి 150 శాతం వరస ఎడం లేకపోతే పై వరస ఒత్తు కింది వరస తలకట్టును తాకుతుంది. బెలూన్‌కు 25 మాటల దాకా పర్లేదని వాళ్లంటారు. మన మాటలు పొడుగు. "వెళ్లిపోవాల్సివచ్చింది" ఒక్కటే సగం వరస తింటుంది. 12 నుంచి 15 మాటలు దాటితే బెలూన్ చీల్చండి. బెలూన్ ఆకారం గుండ్రంగా కాకుండా అడ్డంగా వెడల్పుగా ఉండాలి. ఇవన్నీ చోటు తినేవి కాబట్టి పెన్సిల్ పట్టకముందే, చిన్న బొమ్మల దశలోనే, అసలు సంభాషణ అసలు సైజులో పెట్టి చూడండి. బొమ్మ పూర్తయ్యాక బెలూన్ ఇరికిస్తే హీరో చెయ్యో, విలన్ తలో పోతుంది.

ఒక్కరేనా, ఇంకొకరితోనా

రాసేవాళ్లకు గీయడం రాకపోతే దారులు రెండు: పేజీకి ఇంతని డబ్బిచ్చి గీయించుకోవడం, లేదా సగం హక్కుతో భాగస్వామిగా కలుపుకోవడం. "లాభాలొస్తే ఇస్తాం" అనే మూడో దారిని లెక్కలో పెట్టొద్దు; 288 గంటలు పని చేసినవాళ్లు రాని లాభంలో వాటా కోసం రెండో సంచికకు ఉండరు. డబ్బిచ్చే పద్ధతిలో నాలుగైదు పేజీలకోసారి చెల్లిస్తూ పోతే ఇద్దరికీ నిశ్చింత. భాగస్వామ్యంలో పాత్రల మీద హక్కు ఎవరిది, ఒకరు మధ్యలో మానేస్తే ఇంకొకరు కొనసాగించవచ్చా, సినిమాకో యానిమేషన్‌కో హక్కులు అడిగితే ఎవరు సంతకం పెట్టాలి, అసలు లేయర్ల ఫైళ్లు ఎవరి దగ్గర ఉంటాయి అన్నవి ఒక పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. స్నేహితులైతే ఇంకా తప్పకుండా చేయాలి.

అమ్మకం

ధరను అచ్చు ఖర్చు నుంచి లెక్కగట్టండి. పుస్తకం ధర 100 అనుకుంటే షాపు 40 నుంచి 50 దాకా ఉంచుకుంటుంది, డిస్ట్రిబ్యూటరు ద్వారా వెళ్తే 60 కూడా పోవచ్చు. అచ్చు ఖర్చు 25 దాటితే మీకు మిగిలేది చిల్లరే. అంటే కాపీ ఖర్చుకు కనీసం నాలుగు రెట్ల ధర. ఆ ధరకు ఎవరూ కొనరనిపిస్తే షాపుల దారి మానేసి నేరుగా అమ్మే దారి చూసుకోవాలి. అక్కడ రెండున్నర రెట్లయినా గిట్టుబాటవుతుంది.

డిజిటల్‌లో కిండిల్ దగ్గర ఒక మెలిక ఉంది. డిజిటల్ కామిక్స్ అమ్మే కామిక్సాలజీని అమెజాన్ 2014లో కొని, 2023 డిసెంబరులో ఆ యాప్‌ను కిండిల్‌లో కలిపేసింది కనుక ఇప్పుడు రెండూ ఒకే దారి. అమెరికా స్టోరులో 70 శాతం రాయల్టీ ఎంచుకుంటే ఫైలు సైజు మీద మెగాబైటుకు 15 సెంట్ల డెలివరీ ఖర్చు ముందే కోసేస్తారు. 35 శాతం దాంట్లో ఆ కోత లేదు. 4.99 డాలర్ల ధర, 20 మెగాబైట్ల కామిక్ తీసుకోండి. డెలివరీకి 3 డాలర్లు పోయి, మిగిలిన 1.99లో 70 శాతం అంటే 1.39 వస్తుంది. 35 శాతం ఎంచుకుంటే 1.75. పేరుకు సగం రాయల్టీ, చేతికొచ్చేది ఎక్కువ! డెలివరీ ఖర్చు ధరలో సగం దాటితే 35 శాతమే లాభం, 4.99 ధరకు ఆ హద్దు సుమారు 16.6 మెగాబైట్లు. నవలలు రాసేవాళ్ల సలహా విని 70 శాతం నొక్కేసేవాళ్లు కామిక్‌లో నష్టపోయేది ఇక్కడే.

డిజిటల్ ఫైళ్లు నేరుగా అమ్ముకునే సైటు ఇచ్.ఐఓలో వేదిక వాటా మామూలుగా 10 శాతం, అది కూడా మీరే మార్చుకోవచ్చు. పీడీఎఫ్‌తో పాటు సీబీజెడ్ కూడా పెట్టండి. అది పేజీల బొమ్మలను జిప్ చేసి పేరు చివర మార్చిన ఫైలే. బొమ్మలకు 001, 002 అని సున్నాలతో నంబర్లు ఇవ్వకపోతే కొన్ని యాప్‌లలో 1 తర్వాత 10, 11 వచ్చి కథ కలగాపులగం అవుతుంది.

కిక్‌స్టార్టర్ లాంటి చోట ముందుగా డబ్బు సేకరిస్తే అచ్చు వేసే కాపీల సంఖ్య కూడా తేలిపోతుంది. లక్ష్యం చేరితేనే డబ్బు, చేరకపోతే ఒక్క పైసా రాదు. వాళ్ల వాటా 5 శాతం, చెల్లింపుల ఖర్చు దాని పైన. మీ దేశం నుంచి ప్రాజెక్టు పెట్టే వీలుందో లేదో ముందు చూసుకోండి. ఈ దారిలో దెబ్బతినేది ఎక్కువగా పోస్టు ఖర్చు దగ్గర. 82 గ్రాముల పుస్తకం, వంగకుండా పెట్టే అట్టముక్కలు, కవరు కలిసి 150 గ్రాముల దాకా తూగుతుంది. వేరే దేశాలకు పోస్టు ఖర్చు పుస్తకం ధరను మించిపోవచ్చు. పేజీ మొదలుపెట్టకముందే నకిలీ ప్యాకెట్టు ఒకటి కట్టి తూకం వేయించండి. స్టిక్కర్లు, పోస్టర్లు, బ్యాడ్జీలు అంటూ అదనపు బహుమతులు పెంచుకుంటూ పోతే ఒక్కోటీ మళ్లీ ఒక ప్రింట్ ఆర్డరు, ఒక ప్యాకింగ్ పని. డిజిటల్ కాపీ, అచ్చు కాపీ, సంతకం చేసిన కాపీ: మొదటిసారికి ఈ మూడూ చాలు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) అచ్చు ఎడిషన్‌కు వేరు, ఈ-బుక్‌కు వేరు. కేడీపీ ఉచితంగా ఇచ్చే నంబరు కేడీపీ ఎడిషన్‌కే పనికొస్తుంది, బయట ప్రెస్‌లో వేయించిన పుస్తకం మీద దాన్ని వాడకూడదు. చేతి మీదుగా అమ్ముకునే పలుచటి సంచికకు నంబరు లేకపోయినా నడుస్తుంది. పుస్తకాల షాపుల్లోకి, లైబ్రరీల్లోకి వెళ్లాల్సిన సంకలనానికి తప్పనిసరి అనుకోండి.

షాపులో కన్‌సైన్‌మెంట్ మీద పెడితే, అంటే అమ్ముడయ్యాకే డబ్బు అనే పద్ధతిలో, ఎన్ని కాపీలు ఇచ్చారు, షాపు వాటా ఎంత, ఎన్ని నెలలకు లెక్క చూస్తారు, పాడైన కాపీలు ఎవరి ఖాతా అని రసీదు మీద రాయించుకోండి. అమ్ముడయ్యేదాకా ఆ స్టాకు మీదేనన్న వాక్యం అందులో తప్పక ఉండాలి. అమెరికాలో దశాబ్దాలపాటు కామిక్ పంపిణీని శాసించిన డైమండ్ 2025 జనవరిలో దివాలా పిటిషన్ వేసినప్పుడు, ప్రచురణకర్తలు ఈ పద్ధతిలో వాళ్ల గోదాముల్లో ఉంచిన పుస్తకాలు ఎవరివన్నది కోర్టు వివాదంగా మారింది. ఒక్కో చోట పది కాపీలు మించకుండా ఇచ్చి, అవి అమ్ముడయ్యాకే మళ్లీ పది పంపండి.